రెండు వలసలు: సత్తుపల్లి సీమనుండి అన్నయ్యకు జాబులు

సత్తుపల్లి,
ఫాల్గుణ బహుళ విదియ

పూజ్యులైన అన్నయ్యగారికి తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

తణుకులో బస్సెక్కి తాడేపల్లిగూడెము, జంగారెడ్డిగూడెముల మీదుగా నిన్న సాయంకాలమున కిచ్చటికి చేరితిని. తాడేపల్లిగూడెము దాటిన కొంతసేపటికే మన ఒండ్రునేల వెనుకబడి, ఎఱ్ఱనేలయు, పొగాకు బ్యారన్లును, జీడిమామిడి తోపులును కానవచ్చెను. జీలుగుమిల్లి గడచి అశ్వారావుపేట పొలిమేర సోకగానే రోడ్డున కిరుప్రక్కల పామాయిలు తోటలు కమ్ముకొని పట్టపగలే మసకచీకటి యయ్యెను. ఎకరమునకు 57 చెట్ల చొప్పున, పటమున గీచినట్లు నిలిచిన ఆ వరుసల నడుమ మోకులవలె వ్రేలాడు ఎండుమట్టలును, మొదళ్ళయొద్ద కుప్పవేసిన ఎఱ్ఱని గెలలును చూచుచు వచ్చితిని. ఈ పొలిమేరయే ఒకప్పుడు ఇంగ్లీషువారి ఏలుబడికిని నైజాము రాజ్యమునకును నడిమి హద్దు. 1956 నవంబరు 1 తరువాత అది కేవలము జిల్లాల హద్దయ్యెను. 2014 జూన్ 2 నుండి మరల రెండు రాష్ట్రముల హద్దయినది. నేల కదలలేదు గాని, దానిని దాటి వచ్చినవానిని ఏమని పిలువవలెనను మాట మాత్రము తరతరమునకు మారుచు వచ్చినది.

అమెరికాలోనున్న మన పెద్దవాడు వ్రాసిన జాబును మీరు చదివి వినిపించినది మొదలు దానినిగూర్చియే ఆలోచించుచున్నాను. ఇటలీనుండి వచ్చినవారి స్థితిగతులను, కెన్యానుండి వచ్చినవారి స్థితిగతులను ప్రక్కప్రక్కన పెట్టి, వీరిలో ఎవరు ముందున్నారు, ఎవరు వెనుకబడినారు, కారణమేమని వాడడిగినాడు గదా. 1880 మొదలు 1920 వరకు 40 లక్షలకు పైబడిన ఇటలీవారు, అందును సిసిలీ, నేపుల్సు మొదలగు దక్షిణదేశపు పేదరైతులే హెచ్చుగా, ఓడలెక్కి పోయి, కాలువలు త్రవ్వి, రాళ్ళు మోసి, ఇరుకు గదులలో క్రిక్కిఱిసి బ్రదికిరి. వారు హెచ్చగుచున్నారని తలచిన ఆ దేశము 1924లో చట్టము చేసి వాకిలి మూసినది. కెన్యావారి రాక వేరు. 1959లో టామ్ ఎంబోయా ఏర్పాటు చేసిన విమానములలో పోయిన విద్యార్థులతో అది ఊపందుకొన్నది. చేత పుస్తకము పట్టుకొని పోయినవారు వారు. ఒకరు బాహుబలముతోను, ఒకరు విద్యతోను పోయిరి. తెల్లని చర్మము గల మొదటివారు రెండు మూడు తరములలో అచ్చటివారిలో కలిసిపోయిరి. రెండవవారికి చదువున్నను వర్ణము అడ్డువచ్చుచునేయున్నది. కావున ఆదాయమును మాత్రము లెక్కించి ముందు వెనుకలు నిర్ణయించుట పొరపాటని నా అభిప్రాయము. వాకిట నిలుచున్నప్పుడు వాని చేతిలో ఏమున్నది, ఇంటివాడు వానిని ఏమని వ్రాసికొన్నాడు, ఈ రెండును ముందు అడుగవలెను.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు సముద్రములు దాట నక్కఱలేదని సత్తుపల్లిలో దిగగానే నాకు తోచినది. రెండు వలసలు ఈ సీమలో ముఖాముఖి నిలిచియున్నవి: ఒకటి మనది, మన డెల్టావారిది, రెండవది ఛత్తీస్‌గఢ్ అడవులనుండి వచ్చిన గుత్తికోయలది.

మనవారి సంగతి మీ కెఱుకయే. కాటన్ దొర ధవళేశ్వరమున కట్టిన ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప మన తాతల చేతిలో నాలుగు డబ్బులాడెను. పంట పెరిగిన కొలది సంతానమును పెరిగి, పంపకములతో కమతములు చిన్నవయ్యెను. అచ్చట ఒక ఎకరమమ్మిన సొమ్మునకు ఇచ్చట ఏడెనిమిది ఎకరములు వచ్చునని తెలిసి అన్నదమ్ములలో ఒకరు బండి కట్టిరి. బాబాయిగారు 1966లో వచ్చినదియు అట్లే. రాత్రి భోజనములైన పిదప ఆయన నన్ను అరుగుమీద కూర్చుండబెట్టుకొని, అడవిపందుల నదిలించుచు మంచెమీద గడిపిన రాత్రులను, మలేరియాతో పోయిన మొదటి బిడ్డను, ఎనుబది అడుగుల బావి త్రవ్వినను పడని నీటిని చెప్పి కంట తడిపెట్టిరి. ఆ కష్టము అబద్ధము కాదు. నేడు బోర్లు, డ్రిప్పు, మామిడి, పామాయిలు, అంతరపంటగా కోకో, హైదరాబాదులో మనుమల చదువులు. ఊరి గుడికి ధర్మకర్తయు ఆయనయే.

మాటలాడుచుండగా బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగి కిటికీ రెక్కలు గడగడలాడెను. ఊరికి ఆనుకొనియే సింగరేణివారి జేవీఆర్ ఓపెన్‌కాస్టు గని యున్నది. జలగం వెంగళరావుగారి పేరు దానికి పెట్టిరి. ఇచ్చటివారికి ఆ శబ్దము అలవాటైనది. నేను ఉలికిపడితిని.

శేషము మరల వ్రాసెదను.

మీ తమ్ముడు

దమ్మపేట,
ఫాల్గుణ బహుళ షష్ఠి

పూజ్యులైన అన్నయ్యగారికి నమస్కారములు.

బాబాయిగారి తోటలో గెలలు కోయు ఒక కోయ యువకుని వెంటబెట్టుకొని నిన్న గుత్తికోయల గుంపునకు పోయివచ్చితిని. పొడవాటి వెదురుగడకు కట్టిన కొడవలితో తలయెత్తి గెల నరకుటయందు అతడు మిక్కిలి నేర్పరి. గెల కోసిన దినముననే ఫ్యాక్టరీకి చేరవలెను, లేకున్న నూనెలో పస తగ్గును. అందుచేత అతనికి సెలవు దొరకుట కష్టమైనది. ములకలపల్లి దాటిన పిదప తారురోడ్డు విడిచి మట్టిబాట, మట్టిబాట విడిచి కాలిబాట పట్టితిమి. ఇప్పపూలు రాలుచున్న దినములగుటచే చెట్లక్రింద నేల ఊడ్చి శుభ్రము చేసియుండిరి. తెల్లవారుజామున ఏరిన పూలను చాటలలో ఎండబోసియుండిరి.

ఇరువది గుడిసెలకు మించవు. కఱ్ఱలు దగ్గఱదగ్గఱగా పాతి మట్టి మెత్తిన గోడలు, గడ్డికప్పు, దానిపై నీలిరంగు టార్పాలిన్. కరెంటు లేదు. వాగు ఎండియుండగా, ఇసుకలో చెలమ త్రవ్వి, ఎనిమిదేండ్ల పిల్ల యొకతె సొరకాయబుఱ్ఱతో నాలుగుమారులు ముంచి, ఆగి, నీరూరువరకు గట్టుమీద కూర్చుండి, మరల నాలుగుమారులు ముంచుచుండెను. ఒక్క బిందె నిండుటకు అరగంట పట్టినది. బిందె నెత్తికెత్తుకొన్న పిదప ఆ పిల్ల నావైపు చూచి, నాకు దప్పికయైనదేమోయని తలచి కాబోలు, బుఱ్ఱతో నీరందించినది. త్రాగితిని. ఆ నీటిలో ఇసుక రుచి యుండెను.

వీరెందుకు వచ్చిరో మీకు కొంత తెలియును. 2005 జూన్‌లో బస్తరు సీమలో మావోయిస్టుల నెదిరించు సల్వాజుడుం మొదలైనది. అటు మావోయిస్టులు, ఇటు జుడుం, నడుమ పల్లెలు కాలినవి. ఎందఱో క్యాంపులకు తోలబడిరి. ఎందఱో అడవిబాటలబట్టి ఖమ్మము, వరంగల్లు అడవులలోనికి నడచిరి. జుడుంలో గిరిజన యువకులకు ఆయుధములిచ్చి పోరాటమునకు పంపుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని కాలిన ఊళ్ళకు తిరిగి పోవువారు అంతగా లేరు. గుంపులోని పెద్దాయన తన మాటలో చెప్పగా మా కోయ యువకుడు తెలుగు చేసినది యింతే: “ఊరు కాలింది. కుంట మీదుగా నడిచి వచ్చినం. పిల్లల్ని భుజాలమీద ఏసుకొని వచ్చినం.”

ఆయన చూరులోనుండి పాలితీన్ సంచి యొకటి తీసి నా ముందు విప్పెను. ఆధార్ కార్డు, బిడ్డల టీకాల కార్డు, ఉపాధిహామీ జాబుకార్డు. నలిగిన అంచులను బొటనవ్రేలితో సాపుచేయుచు ఒక్కొక్కటి చాపమీద పరచెను. పట్టా లేదు; కులధ్రువీకరణ పత్రము లేదు. అటవీహక్కుల చట్టము ప్రకారము 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో నున్నవారికే హక్కుపత్రము వచ్చును. జూన్‌లో ఇల్లు కాలుట మొదలైనది, డిసెంబరులో గడువు ముగిసినది! ఈ ఆరునెలల వ్యవధిలో ఒక మనుష్యుడు దేశము విడిచి, క్రొత్త అడవిలో పొద నరికి, విత్తు చల్లి, సాక్ష్యము సంపాదించుకొనవలసి యుండెను. 2023లో తెలంగాణ ప్రభుత్వము పోడు పట్టాలు పంచినప్పుడు చుట్టుప్రక్కల గూడెములు పండుగ చేసికొనగా, ఈ గుంపువారు దూరమునుండి డప్పులు వినిరట.

జీవనము మిరపకోతలమీదనే. పుష్యమాసము మొదలు ఫాల్గుణమువరకు తోటల్లో గుడారములు వేసికొని భార్యాభర్తలు, పిల్లలు కాయ కోయుదురు. ఒక స్త్రీ తన అరచేతులు నాకు చూపెను. కారము సోకి వ్రేళ్ళకొనలు తెల్లబడి పొరలుగా ఊడియుండెను. రాత్రులు బిడ్డను తాకుటకు భయపడి మోచేతితో ఒత్తిగించి పాలిత్తునని చెప్పినది. ఆ మిరపతోటల యజమానులలో మన డెల్టా వలసవారును కలరు. రెండు వలసలకును గల సంబంధమిది: ఒకటి కూలి యిచ్చుచున్నది, ఒకటి కూలి పుచ్చుకొనుచున్నది.

ఒకవైపు మాటయే వ్రాయుట న్యాయము కాదు. అటవీశాఖవారు కందకములు త్రవ్వి, మొక్కలు నాటి, పోడును అడ్డుకొనుచున్నారు. అడవి తరుగుట కండ్లకు కట్టినట్లే యున్నది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలమున ప్లాంటేషనుకడ జరిగిన తగవులో ఒక రేంజి అధికారి గుత్తికోయల చేతిలో హతుడయ్యెను. తన ఉద్యోగధర్మము నెరవేర్చుచు పోయిన ఆయన ఇంటివారి దుఃఖమునకు సమాధానము లేదు. ఆ పిమ్మట ఈ గుంపులన్నిటిపై అనుమానపు నీడ పడినది. చేయి చేసికొన్నవారొకరు, వెలికి గురియైనవారందఱు.

తిరిగివచ్చుచు మా కోయ యువకుని నేనడిగితిని, వీరి రాక మీకు బరువా యని. అతడు కొంతదూరము మాటలాడక నడచి, “వాళ్ళు మావోళ్ళే సారూ, మా బాసే మాట్లాడతరు. కానీ అడివి ఒక్కటే గదా, ఎంతమందికి సరిపోద్ది?” అనెను. మరికొంతదూరము పోయిన పిదప మరల తానే, “మీ బాబాయిగారి పామాయిలు తోట మా తాత చేనే,” అనెను. ఆ మాటలో ఆరోపణ లేదు, దైన్యము లేదు. వాగు పేరు చెప్పినట్లు చెప్పినాడు. నాకు మాత్రము కాళ్ళాడలేదు.

మీ తమ్ముడు

భద్రాచలము,
ఫాల్గుణ బహుళ దశమి

పూజ్యులైన అన్నయ్యగారికి నమస్కారములు.

నిన్న గోదావరిలో స్నానము చేసి, స్వామి దర్శనము చేసికొంటిని. నవమి కల్యాణమునకు పందిళ్ళు వేయుచున్నారు. మీ పేరను వదినగారి పేరను అర్చన చేయించితిని.

బాబాయిగారిని ఆ చేను సంగతి అడిగితిని. ఆయన దాచలేదు. 14 ఎకరములు, సాదాబైనామా, ఒక తెల్లకాగితముమీద కోయపెద్ద వేలిముద్ర. గిరిజనుని భూమి గిరిజనేతరునకు చెల్లదని 1959 నాటి రెగ్యులేషను 1963లోనే తెలంగాణకు వచ్చినది. 1970లో దానిని మరింత బిగించిరి, ఇచ్చటివారు దానినే వన్ ఆఫ్ సెవెంటీ యందురు. ఏజెన్సీలోని చేను గనుక 1966 నాటి మన కాగితము పుట్టినదినముననే చెల్లనిది. అంతకు రెండు దశాబ్దముల ముందే హైమెండార్ఫు పండితుడు నైజాము ప్రభుత్వమునకు ఈ భూముల జాఱుబాటునుగూర్చి హెచ్చరించియుండెను. అయినను ఆ చెల్లని కాగితముతో మనవారు ఇన్నేండ్లు దున్నిరి, బోరు వేసిరి, అప్పులు తెచ్చిరి, గౌరవము పొందిరి. పాలితీన్ సంచిలో ప్రభుత్వముద్ర గల మూడు కార్డులున్న ఆ పెద్దాయన గుడిసె మాత్రము ఏ ఉదయమైనను నేలమట్టము కావచ్చును. ఇద్దఱును హద్దు దాటినవారే, ఇద్దఱును అడవి కొట్టినవారే. ఊరు ఒకరిని రైతనినది, మరియొకరిని ఆక్రమణదారనినది. మన పెద్దవానికి వ్రాయునప్పుడు ఈ సంగతి నా మాటగా తెలుపుడు.

కులపత్రమునుగూర్చియు ఒక మాట. తెనాలిలో పుట్టి బొంబాయికి పోయిన ఒక గిరిజన విద్యార్థి వ్యాజ్యములో, ఒక రాష్ట్రపు షెడ్యూల్డు తెగ గుర్తింపు మఱియొక రాష్ట్రమునకు వెంటరాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చినది. ఆ న్యాయమే గుత్తికోయల బిడ్డలకును అడ్డము వచ్చుచున్నది. గోదావరి కావల గిరిజనుడు, ఈవల ఎవడును కాడు. 2020 ఏప్రిలులో, లాక్‌డౌన్ దినములలో, ఈ నది యెగువన ములుగు సీమ మిరపతోటలనుండి బీజాపూర్ జిల్లాలోని తన పల్లెకు నడక సాగించిన 12 ఏండ్ల బాలిక, మూడు దినములు నడచి, ఇల్లు చేరకమునుపే దారిలో ప్రాణము విడిచినది. ఆ వార్త మనమందఱము చదివితిమి. నాకు చెలమకడ నీరందించిన పిల్లను చూచినప్పుడు అది జ్ఞాపకము వచ్చినది.

ఇక నా మనవి. 1966లో ఆ చేనుకు సగము సొమ్ము నాన్నగారు సర్దినట్లును, అందుకై కాగితము నకలొకటి తనకడ ఉంచుకొనినట్లును బాబాయిగారు చెప్పిరి. ఆయనకడ నున్న అసలు చెదలుపట్టి పోయినది. అనగా అందులో సగము పాపము మన ఇంటిలో నున్నది. కోయపెద్ద మనుమడగు మా కోయ యువకుడు గిరిజనసంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో దావా వేయదలచుకొన్నాడు. చేను తన తాతదేనని చూపుటకు అతనికి ఏ ఆధారమును లేదు. నేను బాబాయిగారితో రెండు రాత్రులు మాటలాడితిని. ఆయన మొదట కోపించి, పిదప ఏడ్చి, చివరకు, “అన్నయ్య వాటా మీ యిష్టము, నా వాటా నేను పోయినాక,” అనిరి. అంతకు మించి ఆ వయసువానిని ఒత్తిడి చేయజాలనైతిని.

నాన్నగారి ఇనుపపెట్టె నడవాలో ధాన్యపు గాదె ప్రక్కనున్నది; తాళము వదినగారికడ నుండును. పై అరలో శిస్తు రసీదుల క్రింద వెదకుడు. వేలిముద్రగల ఆ కాగితము దొరకిన వెంటనే స్పీడు పోస్టులో నా పేర దమ్మపేటకు పంపుడు. అది వచ్చువరకు నేనచ్చటనే యుందును.

మీ తమ్ముడు