తార్నాకలో మల్లయుద్ధం

కాచిగూడలో కాపురముండే మాబోటివాళ్ళకు గడియారంతో అట్టే పనిలేదు. తెల్లవారింది మొదలు రాత్రి నడుం వాల్చేదాకా రైలు కూతలే మాకు గంటలు కొడతాయి. నిజాం కాలంలో, 1916లో కట్టిన స్టేషను ఇప్పటికీ గుమ్మటాలతో ఓ చిన్న కోటలాగే నిలబడి వుంది. ఒకప్పుడు మీటరుగేజి బళ్ళకు ఇది పెద్ద స్టేషను. ఆ సన్నపట్టాలు పోయి చాలాకాలమయింది. ఇప్పుడు దూరం పోయే ఎక్స్‌ప్రెస్సులూ, వాటి నడుమ సందు చూసుకుని వచ్చే ఎమ్మెమ్టీయెస్ లోకల్ బళ్ళూ.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ లోకల్ బండి కోసమే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పెద్ద ప్రయాణమేమీ కాదు. విద్యానగర్, జామై ఉస్మానియా దాటితే ఆర్ట్స్ కాలేజీ స్టేషను. అక్కడ దిగి, యూనివర్సిటీ ఆవరణలోంచి నడిచి తార్నాక చేరాలి. కాని వెళుతున్న పనే కాస్త సిగ్గుపడవలసింది. నలభై దాటిన లెక్చరర్ని, గూఢచారి పనిమీద బయలుదేరాను.

ఎవరిమీద అంటారా? నా మేనల్లుడి మీద.

మా చెల్లెలిది కరీంనగర్. వాళ్ళ అబ్బాయి కిందటేడు నీట్ పరీక్ష రాశాడు. ర్యాంకు రాలేదు. మళ్ళీ రాయడానికి లాంగ్‌టర్మ్ కోచింగులో చేరి మా ఇంట్లోనే వుంటున్నాడు. మంచి పిల్లవాడు. పెట్టింది తింటాడు, చెప్పిన పని చేస్తాడు. మాట్లాడడు, అంతే. పరీక్ష పేరెత్తితే కంచం వంక చూస్తూ కూర్చుంటాడు. "అన్నా, ఫోన్ల ఏమడిగినా ఊఁ అంటడు, ఆఁ అంటడు. నువ్వన్న జర కనుక్కో" అని మా చెల్లెలు వారానికి రెండుసార్లయినా ఫోను చేస్తుంది.

ఆదివారాలు మాత్రం మధ్యాహ్నం భోజనం కాగానే "యూనివర్సిటీ లైబ్రరీకి పోయొస్త మామా" అని వెళ్ళి ఏడింటికి వస్తాడు. లైబ్రరీకి పోయే కుర్రవాణ్ణి ఏమంటాం? సంతోషించాం. తీరా ఒకరోజు నా దగ్గర చదువుకున్న విద్యార్థి ఒకడు ఎదురై, "సార్, మీ అల్లుడు టెక్కెన్ మంచిగ ఆడతడు సార్" అని మెచ్చుకున్నాడు. ఎక్కడ అని అడిగితే తార్నాకలో ఒక గేమింగు పార్లరు గుర్తులు చెప్పాడు. అదీ మా లైబ్రరీ!

ఆర్ట్స్ కాలేజీ స్టేషనులో దిగాను. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఈ విశ్వవిద్యాలయంలోనే నేను తెలుగు ఎమ్మే చదివాను. 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందుకు ఎన్నిసార్లు వచ్చినా కాళ్ళు తమంతట తామే ఆగుతాయి. సాయంకాలపు ఎండలో ఆ రాతికి లేతగులాబీ రంగు వస్తుంది. మెట్ల మీదా, చెట్ల కిందా కుర్రకారు గ్రూప్ వన్, గ్రూప్ టూ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో కొందరి ముఖాలు నేను నాలుగైదేళ్ళుగా అక్కడే చూస్తున్నాను. పలకరించబోయి మానుకున్నాను. "ఏమయింది?" అని అడగడం తప్ప మనకు మరో పలకరింపు చేతకాదు కదా!

అక్కణ్ణించి, 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థను దాటి తార్నాక చేరాను. 2017 నుంచి ఈ కూడలి నెత్తిమీద మెట్రోరైలు పరుగెడుతోంది. దాని కింద మిర్చిబజ్జీల బండి దగ్గర జనం. పోషకాహారం సంస్థ గోడ దాటగానే దాని సలహాలు మరిచిపోవడం మన ఆచారం.

టిఫిన్ హోటలు మీద మొదటి అంతస్తులో వుంది పార్లరు. మెట్లెక్కుతుంటే పాత సంగతి గుర్తుకొచ్చింది. నా చదువు రోజుల్లోనూ ఇలాంటి చోట్లు వుండేవి. 1998లో ప్లేస్టేషనుకు వచ్చిన టెక్కెన్ మూడో భాగం మా స్నేహితులు విరగబడి ఆడేవారు. నేను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు వచ్చేవాణ్ణి. ప్రబంధాలు చదువుకునేవాడికి ఈ గుద్దులాట ఏమిటని నా గర్వం. ఓడిపోతే నవ్వుతారన్న భయం దానికి లోపలి పేరు.

తలుపు తీయగానే మావాడు కనిపించాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మామా... నువ్వెట్ల వచ్చినవ్?" అన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. దారిపొడుగునా తయారుచేసుకున్న ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. ఇంతలో పార్లరు యజమాని, నా వయసువాడే, కుర్చీ లాగి "కూసోండి సార్. వచ్చిండ్రు కద, ఒక్క ఆట ఆడుండ్రి" అన్నాడు. పదిమంది పిల్లలు మావంకే చూస్తున్నారు. వాళ్ళ ముందు మావాణ్ణి చిన్నబుచ్చడానికి మనసు రాలేదు. కూర్చున్నాను.

మావాడు కంట్రోలరు నా చేతిలో పెట్టి వణుకుతున్న గొంతుతో చెప్పాడు: "నాలుగు బటన్లే మామా. ఈ రెండు చేతులు, ఈ రెండు కాళ్ళు. ఎడమది ఎడమ, కుడిది కుడి. అంతే."

అంతేనా అని ఆశ్చర్యపోయాను. మనిషికి ఎన్ని అవయవాలో అన్ని మీటలు! దీనికి వ్యాకరణం అక్కర్లేదు. తెరమీద ఇద్దరు, ఒక్కొక్కరి నెత్తిన ఒక గీత. దెబ్బ తగిలితే గీత తరుగుతుంది, అయిపోతే పడిపోతారు. ఇంట్లో అమ్మమ్మను కూర్చోబెట్టినా ఎవరు గెలుస్తున్నారో చెప్పగలదు. క్రికెట్టులో ఎల్బీడబ్ల్యూ ఏమిటో మా ఆవిడకు ఇరవయ్యేళ్ళుగా చెబుతూనే వున్నాను.

"కొత్తోళ్ళకు ఎడ్డీ మంచిగుంటడు సార్" అన్నాడు యజమాని. ఎడ్డీ గోర్డో అని బ్రెజిల్ దేశస్థుడు. నాట్యమూ యుద్ధమూ కలిసిన కపోయెరా అనే విద్యలో ఆరితేరినవాడు. తెలుగులో ఎడ్డి అంటే తెలివిమాలినవాడని అర్థం కనుక, నాకు తగినవాడే దొరికాడనుకున్నాను.

ఆట మొదలైంది. నాకేమీ తెలియదు. వంటింట్లో జీలకర్ర నూరినట్టు నాలుగు మీటలూ కలిపి నొక్కేశాను. మరి తెరమీద చూద్దును కదా, మా ఎడ్డి చేతులమీద లేచి, గిర్రున తిరిగి, కాళ్ళతో చక్రాలు చుడుతున్నాడు! ఎక్కడ ఏ కాలు వస్తుందో నాకే తెలియదు, ఇక మావాడికేం తెలుస్తుంది? నిమిషం లోపల వాడి మనిషి నేలమీద పడ్డాడు. పిల్లలంతా "సార్! సార్!" అని కేకలు పెట్టారు. సంవత్సరంలో మొదటిసారి మా మేనల్లుడు పకపకా నవ్వడం విన్నాను.

సంక్రాంతి నాడు హైదరాబాదు మేడలమీద గాలిపటాలు ఎగరేసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఆరితేరినవాడి పతంగిని ఒక్కొక్కప్పుడు చంటిపిల్లవాడి పతంగి కోసేస్తుంది. గాలి కలిసొచ్చింది, మాంజా తెగింది. ఆ ఒక్క కోతతో వాడు ఏటేటా మేడ ఎక్కుతాడు. తాలీంఖానాలో కుస్తీ నేర్వాలంటే ఏళ్ళతరబడి మట్టిలో పొర్లాలి. వీణ ముట్టుకున్న మొదటిరోజున అది రాగం పలకదు. ఇక్కడ మాత్రం మొదటి నిమిషంలోనే చేతినుంచి అందమైనదేదో పుట్టుకొస్తుంది. అది మన గొప్ప కాదని మనకూ తెలుసు. అయినా బాగుంటుంది.

ఈ ఆటలు చేసేవాళ్ళకు ఈ రహస్యం బాగా తెలుసు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ రెండో భాగంలో చేతిలోంచి నిప్పుబంతి రావాలంటే కర్రను కిందినుంచి ముందుకు అర్ధచంద్రంలో సగం తిప్పి గుద్దుమీట నొక్కాలి. అది పట్టుబడక ఎందరో వదిలేశారు. 2023లో వచ్చిన ఆరో భాగంలో కొత్తవాళ్ళకు దగ్గరిదారి పెట్టారు. ఒక దిక్కు, ఒక మీట, అంతే. అయితే ఆ దారిన కొట్టిన విశేషపు దెబ్బకు బలం 20 శాతం తగ్గిస్తారు; నేర్చుకున్నవాడికి అన్యాయం జరగకూడదు కదా! 2024లో వచ్చిన టెక్కెన్ ఎనిమిదో భాగంలోనూ అలాంటి సదుపాయమే వుంది. పైగా ప్రాణం అడుగంటినప్పుడు ఒక్క పెద్ద దెబ్బ కొట్టే అవకాశం ఆటే ఇస్తుంది. ఓడిపోబోయేవాడికి ఆఖరి క్షణం దాకా ఆశ వుంటుంది.

రెండో రౌండు వచ్చింది. మావాడు ఈసారి తొందరపడలేదు. వెనక్కి జరిగి కాచుకుని నిలబడ్డాడు. నా చక్రాలన్నీ తిరిగి అలసిపోయేదాకా వుండి, వంగి ఒక్క తన్ను తన్నాడు. ఆపైన మూడు రౌండ్లూ అంతే. మ్యాచి వాడిది.

"నువ్వు కొడుతున్నవ్ గని చూస్తలేవ్ మామా" అన్నాడు మెల్లగా. పాతికేళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నవాడికి ఆ మాట ఎక్కడో తగిలింది.

విరాటరాజు కొడుకు ఉత్తరుడు అంతఃపురంలో ఎన్నో కోతలు కోసి, తీరా కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తాడు. పాపం, ఆయనకున్నది ఒక్క ప్రాణమే. ఇక్కడ ఉత్తరకుమారుడైనా పారిపోనక్కర్లేదు. ఓడిన క్షణంలో 'మళ్ళీ ఆడతావా?' అని తెర అడుగుతుంది. పక్కన కూర్చున్నవాడు నవ్వుతూ చూస్తుంటాడు. మాట్లాడవలసిన అవసరం లేకుండానే ఇద్దరు మనుషుల మధ్య సంభాషణ జరుగుతుంది. ఏడాదిగా మా ఇంట్లో మేము చేయలేకపోయింది అదే.

తరువాత హాస్టలు అమ్మాయి ఒకతె వచ్చి మావాడితో ఆడింది. ఏడు మ్యాచీలు వరసగా ఓడించింది. ప్రతిసారీ వాడు "ఇదెట్ల కొట్టినవ్?" అని అడిగి, చూసి, మళ్ళీ కూర్చున్నాడు. ఎనిమిదోదీ ఓడాడు. నవ్వుతూనే లేచాడు. వాడు అక్కడికి గెలవడానికి రావడంలేదని అప్పుడు అర్థమయింది.

ఇలాంటి పార్లర్లలో ఓడీ ఓడీ ప్రపంచానికి తెలిసినవాళ్ళూ వున్నారట. లాహోరుకు చెందిన అర్సలాన్ ఆష్ అనే యువకుడు 2019లో జపానులోనూ, అమెరికాలోనూ జరిగిన ఇవో పోటీలు రెండూ టెక్కెన్‌లో గెలిచి వచ్చాడని యజమాని గర్వంగా చెప్పాడు. పొరుగుదేశం వాడైనా ఆ గర్వంలో సరిహద్దు కనిపించలేదు.

ఈ గుద్దులాటలన్నీ మంచివని పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పబోవడం లేదు. 1992లో వచ్చిన మోర్టల్ కాంబాట్‌లో నెత్తురు చూసి అమెరికా సెనేట్‌లోనే విచారణ జరిగింది. 1994లో ఏ ఆట ఏ వయసువారికో చెప్పే ముద్రలు వచ్చాయి. అట్టమీద ఆ ముద్ర చూసి కొనడం పెద్దల పని. గంటలు గంటలు కూర్చుంటే ఏ ఆటైనా వ్యసనమే.

చీకటిపడుతుండగా ఆర్ట్స్ కాలేజీ స్టేషనుకు నడిచి వచ్చాం. బండి ఆలస్యం. బెంచీమీద కూర్చున్నాం. తిట్టబోతానని వాడూ, ఎలా మొదలుపెట్టాలా అని నేనూ. చివరకు వాడే అన్నాడు:

"ఈడ ఓడిపోతే ఎందుకు ఓడిపోయిన్నో అప్పుడే తెలుస్తది మామా. మళ్ళ నిమిషంల కూసోవచ్చు. ఆడ ఒక్కసారి పోతే ఏడాది దాక కూసోనియ్యరు."

నేను నోరు మెదపలేదు. పార్లరులో నేర్చుకున్న పాఠం: కొట్టకు, చూడు.

కాసేపటికి మిగిలిందీ చెప్పాడు. ఫిజిక్సు ప్రశ్నలు చూసిన మొదటి ఇరవై నిమిషాలు ఏమీ తోచలేదట. చెమటతో చేతులు తడిసి పెన్ను జారిందట. చదవక పోయిందని ఇంట్లో అంతా అనుకుంటున్నారు. భయపడి పోయిందని ఎవరికీ తెలియదు. "అమ్మకెట్ల చెప్పాలె మామా? నా కోచింగుకు గాజులు కుదువబెట్టింది" అన్నాడు.

బండి వచ్చింది. ఎక్కాం. విద్యానగర్ దాటాక ఒప్పందం కుదిరింది. ఆదివారం రెండు గంటలు తార్నాక. లైబ్రరీ అన్న అబద్ధం ఇక వుండదు. బదులుగా ప్రతి శనివారం మా భోజనాల బల్లమీద గడియారం పెట్టుకుని ఒక మాదిరి పరీక్ష. ఎన్ని మార్కులొచ్చినా ఎవరూ ఏమీ అనరు. ఎక్కడ పోయిందో చూసుకుని మళ్ళీ రాయడమే. దానితో ర్యాంకు వస్తుందో రాదో నాకు తెలియదు. వాడికీ తెలియదు.

ఇల్లు చేరగానే వాడు తనంతట తానే ఫోను తీసుకుని డాబా మీదికి వెళ్ళాడు. "అమ్మా, తిన్నవా?" అన్న మాట మెట్లమీద వినిపించింది. తరువాత చాలాసేపు దిగి రాలేదు.

గూఢచారి నివేదిక కోసం మా ఆవిడ గుమ్మంలోనే కాచుకుని వుంది. సంగతంతా విని, కళ్ళొత్తుకుని, "ఇంతకీ మీరిద్దరూ ఆడారు కదా, ఎవరు గెలిచారు?" అంది.

"వాడే" అన్నాను. "కాని మొదటి రౌండు మాత్రం ఎడ్డివాడిది."