చెర్రీ కాని చెర్రీ

మన బేకరీల్లో కేకు మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు చెర్రీ కాదు, వాక్కాయ. గింజలు తీసి, రంగు వేసి, పంచదార పాకంలో ఊరబెట్టిన మన వాక్కాయ. కొన్ని ఊళ్లలో కలివికాయ అంటారు.

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకప్పుడు గోడ లేదు. వాక్కాయ పొదలే కంచె. ఎండాకాలంలో మల్లెల్లాంటి తెల్లటి పూలు, వానలు పడ్డాక గులాబీ రంగు కాయలు. పండితే నల్లబడేవి. కొమ్మకొమ్మకీ జంట ముళ్లు. మా వైపు కాసినవి మావేనని పక్కింటి మామ్మగారి లెక్క. మామిడికాయలు అయిపోయాక రెండిళ్లలోనూ పప్పుకి పులుపు అదే. "అమ్మాయ్, చూసి కొయ్యి. చెట్టెక్కడికీ పోదు" అనేవారావిడ. కాయ తెంపితే జిగురుగా పాలు కారేవి. అమ్మ చేతులకి నూనె రాసుకుని తరిగేది.

కంచెగా ఈ మొక్కకి ఇంకో చరిత్ర కూడా ఉంది. ఉప్పు దొంగరవాణాని ఆపడానికి బ్రిటిష్ వాళ్లు ఉత్తర, మధ్య భారతాల మీదుగా వందల మైళ్ల ముళ్లకంచె పెంచారు. రేగు, తుమ్మ, నాగజెముడుతో పాటు అందులో వాక్కాయా ఉంది. 1879లో ఆ సుంకం సరిహద్దుని ఎత్తేశారు. అక్కడ ముల్లు జనాన్ని ఉప్పుకి దూరం పెట్టింది. మా వీధిలో అదే ముల్లు మాటల్నీ ఆపలేదు, కాయల్నీ ఆపలేదు.

ఇప్పుడు రెండిళ్లూ కలిసి ఒకే అపార్ట్‌మెంట్. మేం మూడో అంతస్తులో ఉంటాం. కింద గోడ పక్కన బంగారు రంగు ఆకుల డ్యురాంటా వరస. అమెరికా ఉష్ణప్రాంతాల మొక్క అది. ఇటలీ వైద్యుడు కాస్టోరె డురాంటే పేరు పెట్టారు. దానికీ ముళ్లొస్తాయి. నారింజ రంగు పూసల్లాంటి కాయలు గుత్తులుగా వేలాడతాయి, కానీ అవి విషం. మా తోటమాలి కత్తెర మాత్రం దాన్ని పూతదాకా రానివ్వదు.

మొన్న అసోసియేషన్ మీటింగులో వాక్కాయ నాటుదామన్నాను. "పిల్లలకి ముళ్లు గుచ్చుకుంటే?" అన్నారొకరు. న్యాయమైన భయమే. డ్యురాంటా కాయల సంగతి చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక మూలన రెండు మొక్కలకి ఒప్పుకున్నారు.

కాపుకి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు ఫస్ట్ ఫ్లోర్ వాళ్ల నాలుగేళ్ల పిల్ల రోజూ వచ్చి, ముల్లు కొసని వేలితో మెల్లగా తాకి చూసి పోతోంది.