మొలకకై నిరీక్షణము

బాల్యమున మరుఁగు నూనె చింది నా పాపటచోట రూపాయి బిళ్ళంత మచ్చ పడెను. అచ్చట వెండ్రుక మొలవలేదు. నడిపాపట తీయ సాహసింపక, ప్రక్కపాపటతో దానిఁ గప్పుకొనుచుంటిని. ఐదు నెలల క్రిందట వైద్యుఁడు వెనుకతలనుండి కుదుళ్ళు తీసి యా మచ్చలో నాటెను. 1939లోనే జపానునందు ఒకుడా యను వైద్యుఁడు కాలిన తలలకు సైత మిట్టి చికిత్స చేసి ప్రకటించెను.

మూఁడవ వారమున నాటిన వెండ్రుకలు రాలసాగెను. దిండుపై వానిఁ జూచి కంటఁ దడి పెట్టఁగా, మావారు వైద్యుని మాటలు జ్ఞప్తి చేసిరి: రాలునది వెండ్రుకయే కాని కుదురు గాదు; అది చర్మములో విశ్రమించి మూఁడు నాలుగు మాసములకు మరల మొలకెత్తును; పూర్ణఫలమునకు సంవత్సరము పట్టును; మచ్చలో రక్తప్రసారము తక్కువగుటచే నన్నియు నాటుకొనకపోవచ్చును.

ఇప్పుడు సన్నని నూఁగు కానవచ్చుచున్నది. అది జడలోఁ జేరునో లేదో యెఱుఁగను. అయినను నిన్నటి పేరంటమునకు నడిపాపట తీసి, కుంకుమ నుంచుకొని వెళ్ళితిని. ఎదురుచూచుటకు దాఁచుకొనుట యవసరము గాదు గదా!