పరదేశులకు పాఠం చెప్పబోయి



నవంబరు నెల వచ్చి చలి మొదలయ్యేసరికి విశాఖపట్నంలో రోడ్డు పక్కన స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. అమ్మేవారిని మనలో చాలామంది నేపాలీలనుకుంటాం. బేరమాడి, క్రిస్మస్‌కు పిల్లలకు రెండు ఉన్ని బట్టలు కొని, బస్సెక్కి వచ్చేస్తాం. మేమూ ఎన్నో ఏళ్లు అలాగే చేశాం. 2013 డిసెంబరులో మాత్రం ఎందుకో, చిల్లర లెక్కపెడుతున్న ఒక తల్లిని "మీదే ఊరమ్మా?" అని అడిగాం. "చంద్రగిరి" అంది. తిరుపతి దగ్గరి చంద్రగిరి అనుకున్నాం. ఆమె నవ్వి, "కాదు, బరంపురం దగ్గర" అంది. వాళ్లు టిబెట్ దేశస్థులని అప్పుడు తెలిసింది.

టిబెట్‌ను చైనా ఆక్రమించుకున్న తరువాత, 1959లో దలైలామా గారు మన దేశానికి శరణార్థిగా వచ్చారు. ఆయన వెనుక వేలాదిమంది వచ్చారు. వారిలో కొందరికి 1963లో ఒడిశాలోని చంద్రగిరి ప్రాంతంలో భూమి ఇచ్చి ఊళ్లు కట్టించారు. ఇప్పుడది పర్లాకిమిడి ముఖ్యపట్టణంగా ఉన్న గజపతి జిల్లాలో ఉంది. అంటే మన పాతపట్నం అవతలి జిల్లాయే. వర్షాకాలంలో మొక్కజొన్న పండించుకోవడం, చలికాలంలో పట్టణాలకు వచ్చి స్వెట్టర్లు అమ్ముకోవడం, ఇదే వారిలో చాలామంది బ్రతుకు.

మేమిద్దరం హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన దంపతులం. ఆ సంగతి తెలిసి ఆమె, "మా ఊరి మఠంలో కుర్ర లామాలకు ఇంగ్లీషు చెప్పేవారు లేరు. వేసవిలో వస్తారా? జీతం ఇవ్వలేరు గాని అన్నం పెడతారు" అంది. మాట ఇచ్చి ఇంటికి వచ్చాం.

ఈ విషయం సంఘంలో చెప్పినప్పుడు అందరూ సంతోషించలేదు. "విగ్రహాలకు మొక్కేవారికి చదువు చెప్పడం వారి మతాన్ని బలపరచడం కాదా?" అని ఒక పెద్ద అడిగారు. మరొకరు, "సువార్త చెప్పడానికైతే వెళ్లండి. ఇంగ్లీషు నెపం మంచిదే" అని కరపత్రాల కట్ట చేతిలో పెట్టారు. మాకు జవాబు తోచలేదు. అప్పుడు వెనుక బల్ల మీది నుంచి, ఎనభై దాటిన ఒక మామ్మగారు లేచారు.

"మా అయ్య రంగం నుంచి కాలినడకన వచ్చినప్పుడు నాకు పదేళ్లుంటాయి. దారిలో గంజి పోసి పేణం నిలబెట్టినోలు ఆ సన్నేసులేనట. నువ్వే మతమోడివిరా అని ఆలు అడగనేదు. మీరెల్లి నాలుగు ముక్కలు సెప్పి రండి బాబూ!"

రంగం అంటే రంగూను. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎంతోమంది ఓడలెక్కి అక్కడికి కూలికి వెళ్లినవారే. 1941 డిసెంబరులో జపానువారు రంగూను మీద బాంబులు వేశాక చాలామంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవారు ఎందరో. శరణార్థి కథ మన ఇళ్లలోనిదే, మనమే మరచిపోయాం. ఐగుప్తులో పరదేశులుగా ఉన్న మీకు పరదేశి మనసు తెలుసు గదా అని దేవుడు ఇశ్రాయేలీయులకు గుర్తు చేసిన సంగతి (నిర్గమ. 23:9) ఆ మామ్మగారి నోట మాకు మళ్లీ వినిపించింది.

2014 మే నెలలో బరంపురం రైలు దిగి, దిగపహండి, తప్తపాని మీదుగా బస్సులో కొండలెక్కి చంద్రగిరి చేరాం. కరపత్రాల కట్ట పెట్టె అడుగున ఉంది.

మఠం పెద్ద లామా గారు మొదటి రోజే, హిందీలో, సూటిగా అడిగారు: "మీరు క్రైస్తవులని విన్నాను. పిల్లలను మీ మతంలోకి తీసుకోవడానికి వచ్చారా?" మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చివరికి ఇలా చెప్పాం: "మా ప్రభువును మేము దాచుకోము. ఎవరైనా అడిగితే చెబుతాం. కాని ఇంగ్లీషు పాఠం పేరు పెట్టి వేరే పాఠం చెప్పము." ఆయన తల ఊపి టీ తెప్పించారు. వెన్న, ఉప్పు వేసిన టీ! మొదటి గుక్క మింగడానికి నిజంగా ప్రార్థన చేసుకోవలసి వచ్చింది.

తరగతిలో ఇరవై మంది. చిన్నవాడికి పన్నెండేళ్లు, పెద్దాయనకు డెబ్భై. అలవాటు ప్రకారం బోర్డు మీద టెన్సుల పట్టిక వేశాం. వాళ్లు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. పది రోజులు గడిచినా ఒక్కరి నోటి నుంచి ఒక్క వాక్యం రాలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉందన్న మా అతిశయం అక్కడ నేలరాలింది.

ఒక సాయంకాలం పన్నెండేళ్ల కుర్రవాణ్ణి పిలిచి, "నీ అక్షరాలు మాకు నేర్పు" అన్నాం. వాడు పలక మీద రాస్తూ చదివాడు: "క, ఖ, గ, ఙ." మాకు ఒళ్లు పులకరించింది. మన వరుసే! 'ఘ' ఒక్కటే లేదు. ఎప్పుడో ఏడవ శతాబ్దంలో మన దేశపు లిపి చూసి టిబెట్‌వారు తమ లిపి కూర్చుకున్నారట. మనం బడిలో బట్టీ పట్టి జీవితంలో ఎన్నడూ వాడని 'ఙ' ఉందే, ఆ ఒక్క అక్షరమే వాళ్ల భాషలో 'నేను' అనే మాట. పైగా మన తెలుగులో లాగానే వాళ్ల వాక్యంలో కూడా క్రియ చివరే వస్తుంది. 'నేను నీళ్లు తాగుతాను' అంటే వాళ్లదీ అదే వరుస. ఇంగ్లీషులో వాళ్లు తడబడిన చోటల్లా మన పల్లె పిల్లలు తడబడిన చోటే.

మరునాడు పట్టిక చెరిపేశాం. వాళ్ల వాక్యం, మన వాక్యం, ఇంగ్లీషు వాక్యం ఒకదాని కింద ఒకటి రాశాం. టిబెటన్ మాటలు మేము పలుకుతుంటే తరగతి తరగతంతా పడీ పడీ నవ్వింది. నవ్విన నోళ్లే తెరుచుకున్నాయి. ఆనాటి నుంచి మమ్మల్ని "గెన్-లా" అని పిలిచారు. పంతులుగారూ అని అర్థం.

మన ప్రాంతానికి 1805లో వచ్చిన మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజిస్ గార్లు అప్పుడు జ్ఞాపకం వచ్చారు. వారు విశాఖపట్నంలో దిగి మొదట చేసిన పని తెలుగు నేర్చుకోవడం. సువార్తలను తెలుగులోకి మార్చే పనిలోనే ఉండి కొద్ది సంవత్సరాలకే ఇద్దరూ కన్నుమూశారు. అలాగే హిమాలయాల్లో పనిచేసిన మొరేవియన్ మిషనరీ యెష్కె గారు తయారుచేసిన టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువు 1881లో అచ్చయింది. నేర్పవచ్చినవారు ముందుగా నేర్చుకున్నారు. వారి బిడ్డలమని చెప్పుకునే మేము ఒక్క అక్షరం నేర్చుకోకుండా చాక్‌పీసు పట్టుకున్నాం.

డెబ్భై ఏళ్ల లామా గారికి వ్యాకరణం అక్కర లేదు. ఆయన దుబాసీని పెట్టుకుని మాతో అన్నది ఇదే: "నాకు పది వాక్యాలు చాలు. బరంపురం ఆసుపత్రిలో డాక్టరు అడిగితే ఎక్కడ నొప్పో చెప్పలేక, ఊరికే పొట్ట చూపించి వస్తున్నాను." ఇక్కడ నొప్పి. రాత్రి ఎక్కువ. నిద్ర పట్టదు. ఈ మందు ఎన్నిసార్లు? ఇవే ఆయన పాఠాలు. జపమాల తిప్పుతూ వరండాలో అవే చదువుకునేవారు.

మూడవ వారంలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడొకడు చీకటి పడ్డాక మా గదికి వచ్చాడు. తల్లి కర్ణాటకలో బైలకుప్పె శిబిరంలో జబ్బుపడి ఉంది. "గెన్-లా, మీరు కూడా ప్రార్థిస్తారా?" అన్నాడు. "మా ప్రభువైన యేసు నామమున ప్రార్థిస్తాం, నీకు సమ్మతమేనా?" అని అడిగాం. "నేను దీపం పెడతాను. మీరు మీ ప్రార్థన చేయండి" అన్నాడు. ఆ రాత్రి మోకాళ్లూని చాలాసేపు కన్నీటితో ప్రార్థించాం. నాలుగవనాటికి ఆ తల్లి పోయిందని ఫోను వచ్చింది.

బస్సు మరునాటి సాయంకాలానికి గాని లేదు. ఉదయం వాడు యథాప్రకారం వచ్చి తన చోట కూర్చున్నాడు. ఎందుకు వచ్చావని కళ్లతోనే అడిగాం. లేచి నిలబడి, "టుడే ఐ క్లాస్ కమ్" అన్నాడు. క్రియ చివర పెట్టాడు. మేము దిద్దలేదు. పక్కన వెళ్లి కూర్చున్నాం.

దేవుడు మా ప్రార్థన ఎందుకు ఆ విధంగా ఆలకించాడో మాకు తెలియదు. కాని బయలుదేరే ముందు ఆ అబ్బాయే అడిగాడు: "జీతం లేదు, మీ మతం వాళ్లం కాము. మీరెందుకు వచ్చారు?" అడిగినవారికి సాత్వికముతో జవాబు చెప్పాలని పేతురు భక్తుడు నేర్పాడు గదా (1 పేతురు 3:15). శిష్యుల పాదాలు కడిగిన మా ప్రభువు సంగతి, వాడికి వచ్చిన చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లోనే చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. బస్సు దగ్గర వాళ్ల మర్యాద ప్రకారం మా మెడలో తెల్లని పట్టు కండువా వేశాడు. అంతే. అంతకంటె ఎక్కువ జరిగిందని మేము చెప్పలేము.

తిరిగి వచ్చాక కరపత్రాల కట్టను పెద్దగారికి అప్పగించాం. "ఎంతమంది వచ్చారు ప్రభువు దగ్గరికి?" అని ఆయన అడిగారు. "ఒక్కరూ రాలేదండీ" అన్నాం. గుడి నిశ్శబ్దమైంది. వెనుక బల్ల నుంచి మామ్మగారు, "మరి ఆ ముసలాయన డాట్రుతో మాటాడగలడా ఇప్పుడు?" అన్నారు.

"మాట్లాడగలడు మామ్మా!" అన్నాం.

"అయితే సాల్లే" అని ఆమె కూర్చున్నారు.

ప్రియమైన కుటుంబములారా, చంద్రగిరిలో ఇప్పుడు పెద్ద మహావిహారం ఉంది. 2010లో దలైలామా గారే వచ్చి దానిని ప్రారంభించారు. చూడ్డానికి మనవాళ్లు బస్సులు కట్టించుకుని వెళుతున్నారు. కాని అంత దూరం పోనక్కర లేదు. మీ ఊరి ఇటుకల బట్టీలో ఒడిశా కూలీలు ఉంటారు. టైల్స్ వేసే బీహారు కుర్రవాళ్లు ఉంటారు. ఈ చలికాలం స్వెట్టరు కొన్నప్పుడు బేరానికి ముందు ఊరి పేరు అడగండి. వాళ్ల భాషలో రెండు మాటలు నేర్చుకోండి. పరదేశిని నీవలె ప్రేమించుమన్న ఆజ్ఞకు (లేవీ. 19:34) అదొక చిన్న ఆరంభం.

ఆ ఆరంభానికి మా ప్రభువు మనందరికీ కృపనిచ్చును గాక. ఆమేన్.