ఆదరణ నోచుకొనని యొక పాటల సంపుటము

రాక్ సంగీతమనగానే చెవులు మూసికొను పెద్దలు మనలో పెక్కురు గలరు. ఆ సంగీతమును మెచ్చు నా మిత్రులు సైతము, నాకు ప్రియమైన సంపుటము పేరు చెప్పినచో చిరునవ్వు నవ్వుదురు. “అందులో వేగమేది? ముసలివాని గొణుగుడు వలె నున్నదిగదా!” యని వారి యాక్షేపణ. ఇరువది యేండ్లకు పైగా దానిని వినుచున్నవాడ నగుటచే, దాని పక్షమున నాలుగు మాటలు చెప్పుట నా విధియని తలచుచున్నాను.

ఆ సంపుటము “ది కింక్స్ ఆర్ ది విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ” యనునది. ఇంగ్లండు పల్లెలలో ఊరి నడుమ అందరికిని ఉమ్మడిగా నుండు పచ్చికనేలను విలేజ్ గ్రీన్ అందురు. దానిని కాపాడు సంఘమువారము మేమని యా పేరునకు భావము. కింక్స్ అనునది లండనులోని మస్‌వెల్ హిల్ ప్రాంతపు సోదరులగు రే డేవిస్, డేవ్ డేవిస్ ముఖ్యులుగా గల బృందము. 1964లో “యూ రియల్లీ గాట్ మీ” యను హోరెత్తు పాటతో వారు ఇంగ్లండున ప్రథమస్థానము నందిరి. 1965 మొదలు 1969 వరకు అమెరికాలో కచేరీలు చేయు నవకాశము వారికి లేకపోయెను. ఆ కాలముననే రే డేవిస్ స్వదేశపు చిన్నచిన్న సంగతులను పాటలుగా కట్టెను.

1968 సెప్టెంబరులో 12 పాటలతో వెలువడవలసిన యీ సంపుటమును, మరికొన్ని పాటలు చేర్పదలచి యతడు నిలిపించెను. తుదకు 15 పాటలతో నవంబరు 22వ తేదీన ఇంగ్లండున వెలువడెను. బీటిల్స్ బృందమువారి జంటరికార్డుల సంపుటమును ఆ దినముననే వెలువడెను. జనులు అటు పరుగెత్తిరి. కింక్స్ సంపుటము ఇంగ్లండునగాని అమెరికాలోగాని అమ్మకముల పట్టిక కెక్కలేదు.

ఇది కేవలము గతమును పొగడు సంపుటమని నిందించువారు మొదటి పాటతోనే తీర్పు చెప్పుచున్నారు. ఆ పాటలో పాతవస్తువులను కాపాడుదమన్న మాట నిజమే. కాని రెండవ పాటలో వాల్టరను బాల్యమిత్రుని తలచుకొనువాడు, ఇప్పు డెదురుపడినచో వానికి నా పేరైనను తెలియదుగదా యని యనుకొనును. మరియొక పాటలో కడపటి ఆవిరిబండి తానిప్పుడు వస్తుప్రదర్శనశాలలో నున్నానని చెప్పుకొనును. బ్రిటిషు రైల్వేవారి ప్రధానమార్గములలో ఆవిరియంత్రముల ప్రయాణపు బండ్లు ముగిసినది 1968 ఆగస్టులోనే. తుదిపాటలోనివాడు పాత ఛాయాపటములను ఇక నాకు చూపవలదని బ్రతిమాలును. గతమును ప్రేమించుచునే దానిని త్రాసున నుంచి తూచు పాటలివి. వాద్యముల హోరు తక్కువ యన్నమాట నే నొప్పుకొందును. త్రాసు పట్టినవాడు కేకలు వేయనేల?

కొన్నియేండ్ల క్రిందట ఒక వివాహమున నా చిన్ననాటి స్నేహితుడు కనబడెను. ఏటిగట్టున కలిసి తిరిగిన దినములను నేను ముచ్చటింపగా, “ఏమోరా, నాకంతగా జ్ఞప్తి లేదు” అని గడియారము చూచుకొనెను. మనసు చివుక్కుమన్నను నాకు కోపము రాలేదు. జ్ఞాపకము నా సొత్తేగాని అతడు నాకు తీర్పవలసిన ఋణము కాదని వాల్టరు పాట వలన నే నెరిగియుంటిని. హోరెత్తు పాట లెన్నియో విన్నాను గాని, అట్టి వేళ నాకు తోడైనది ఈ మెల్లని పాటయే.

లక్ష ప్రతుల యమ్మకమునకు ఇంగ్లండున నిచ్చు బంగారు గుర్తింపు ఈ సంపుటమునకు 2018లో, అనగా 50 ఏండ్లకు లభించెను. నాకు సంతోషమే. అయినను ఆ పాటలు 1968లో నెట్లుండెనో 2018లోను అట్లే యుండెను. మారినది వినువారి చెవి మాత్రమే. కావున విద్యార్థులారా, మీకు నచ్చిన పుస్తకమునుగాని పాటనుగాని పదిమంది మెచ్చలేదని విడువకుడు. అది యేల నచ్చినదో నెమ్మదిగా చెప్ప నేర్చుకొనుడు. వినువాడొక్కడు దొరకినను చాలును.