తిరుగుదారిలో గోస్తనీ తోడు

టూరుకి వెళ్లేటప్పుడు వుండే హుషారు తిరిగి వచ్చేటప్పుడు వుండదు. వెళ్లేరోజు తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూచుంటాం. తిరుగు ప్రయాణం రోజున మాత్రం పది దాటినా బట్టలు సర్దడం పూర్తి కాదు. తీరా కారెక్కాక అందరిదీ ఒకటే గోల: "ఎక్కడా ఆపకు, తొందరగా ఇంటికి పోదాం!" వెనక సీట్లో వాళ్లు నిద్ర, ముందు సీట్లో వాడు ఫోను, డ్రైవరొక్కడే దారి చూస్తాడు. మూడురోజుల సెలవుల్లో ఆఖరి రోజు అలా చేతులారా చెత్తబుట్టలో పడుతుంది.

సినిమా చూసే వాళ్లకి ఈ మాట వేరే చెప్పాలా? మొదటి పదకొండు రీళ్లు ఎంత బాగున్నా, ఆఖరి రీలు తేలిపోతే హాల్లోంచి బయటికొచ్చే ప్రేక్షకుడు పెదవి విరుస్తాడు. టూరు కూడా అంతే. ఇంటికొచ్చాక గుర్తుండేది ఆఖరి రోజే. కాబట్టి తిరుగుదారిలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో ముందే తేల్చుకోవాలి. అదెలాగో అరకు నుంచి విశాఖపట్నం వచ్చే దారిలో చూద్దాం. మన కుర్రకారు ఎక్కువగా వెళ్లేది అటే కదా!

మెయిన్ రోడ్డు పట్టుకుని సరాసరి దిగితే అరకు నుంచి విశాఖ నూట పదిహేను కిలోమీటర్లు. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో వుండొచ్చు. కానీ ఈసారి రోడ్డుని కాదు, ఒక నదిని పట్టుకుని దిగండి. ఆ నది పేరు గోస్తనీ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దారి చేసుకుని, తాటిపూడి దగ్గర జలాశయంగా నిలిచి, పద్మనాభం పక్కగా నడిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ, గుహ, చెరువు, పొలం, కడలి అన్నీ ఒకే కథలో! ఇంతకంటే మంచి స్క్రీన్‌ప్లే ఎవరు రాస్తారు చెప్పండి?

పొద్దున్నే గాలికొండ

ఉదయం ఏడింటికల్లా అరకు వదలాలి. నవంబరు, డిసెంబరు నెలల్లో వెళితే లోయలో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టు వుంటాయి. వాటి మధ్య ఫోటోలు తీసుకునే సరదా ముందురోజే తీర్చుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ పూలు అలంకారానికి వేసినవి కావు. గిరిజన రైతులు నూనె గింజల కోసం వేసిన పంట అది. చేనులోకి దిగి తొక్కితే వాళ్ల ఏడాది కష్టం తొక్కినట్టే.

సుంకరిమెట్ట దాటాక ఘాట్ రోడ్డు పక్కన కాఫీ తోటలు మొదలవుతాయి. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రోడ్డు పక్క కొట్లో ఒక కప్పు తాగి బయలుదేరితే ఆ తర్వాత వచ్చే గాలికొండ వ్యూ పాయింటు మొదటి మజిలీ.

ఇక్కడికి పొద్దున్నే ఎందుకు రావాలంటే, పొగమంచు విడిపోయే ముచ్చట చూడాలంటే అదే వేళ. తెర లేచినట్టు ముందు దగ్గరి చెట్లు, తర్వాత ఎదుటి కొండ, ఆ వెనక ఇంకో కొండ కనపడతాయి. మంచు మరీ దట్టంగా వుంటే ఏమీ కనపడదు. అలాంటప్పుడు కాసేపు ఆగండి. మంచులో ఘాట్ దిగడం కంటే అరగంట ఆలస్యం మేలు.

మేము వెళ్లినప్పుడు కారు నడిపినాయన ఎస్.కోట ప్రాంతం మనిషి. ఆ మలుపుల్లో ఆయన చేతి వాటం చూసి మెచ్చుకుంటే, "ఎక్కినప్పుడు బండికి పని బాబూ, దిగినప్పుడు బుర్రకి పని" అన్నాడు. అక్షరాలా నిజం. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు వేసి వుంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. తక్కువ గేరులో నెమ్మదిగా దిగాలి. ఎదురుగా ఎక్కి వచ్చే బండికి దారి ఇవ్వాలి. మలుపులో సెల్ఫీకని కారాపడం విలన్లు చేసే పని, హీరోలు చేసేది కాదు!

బొర్రా గుహల్లో నది చప్పుడు

మెయిన్ రోడ్డు మీంచి బొర్రాకి పక్కదారి చీలుతుంది. పదింటికి చేరేలా చూసుకుంటే జనం కిక్కిరిసేలోగా లోపలికి వెళ్లి రావచ్చు.

ఒకప్పుడు మేస్తూ మేస్తూ ఒక ఆవు గుహ పైకప్పులో వున్న కంతలోంచి లోపలికి పడిపోయిందట. వెతుక్కుంటూ వచ్చిన కాపరికి గుహలో శివలింగం లాంటి రాయి కనిపించిందట. ఆ ఆవు పేరు మీదే నదికి గోస్తనీ అనే పేరు వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. గోవు పొదుగు అని అర్థం.

కథ అలా వుంచితే, ఈ గుహల్ని చెక్కిన శిల్పి నీరే. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగిన సున్నం పైకప్పు నుంచి బొట్టు బొట్టుగా జారుతూ కొంత పైన, కొంత కింద పేరుకుంటుంది. పైనుంచి వేలాడే ఊడలు, కిందనుంచి లేచిన స్తంభాలు అలా ఏర్పడ్డవే. అంగుళం పెరగడానికి మనిషి జీవితాలు ఎన్నో గడిచిపోతాయి. కాబట్టి గోడల మీద ప్రేయసి పేరు చెక్కే సరదా దయచేసి వద్దు. ప్రేమ అంతకాలం నిలబడుతుందో లేదో గానీ, ఆ గీత మాత్రం నిలబడిపోతుంది!

సుమారు ఎనభై మీటర్ల లోతున్న గుహ ఇది. దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి సుమా. అమ్మమ్మో తాతయ్యో వెంట వుంటే ముఖద్వారం దగ్గరే చాలాసేపు చూసి రావచ్చు. ఆ హాలే ఎంతో పెద్దది. అన్నట్టు, ఈ గుహల మీదుగానే రైలు పోతుంది! బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడం కోసం 1960లలో వేసిన కొత్తవలస - కిరండూల్ లైను అది. ఈ లైనులోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున వుంది. బ్రాడ్‌గేజిలో దేశం మొత్తం మీద ఎత్తయిన స్టేషనుగా చాలాకాలం పేరు మోసింది.

బయటికొచ్చాక బొంగులో చికెన్ వాసన కాళ్లకి అడ్డం పడుతుంది. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, ఆకులతో మూతి మూసి, నిప్పుల మీద కాలుస్తారు. ఆకలి తీర్చుకోవడానికి ఇదే సరైన చోటు.

తాటిపూడిలో ఇంటర్వెల్

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బొర్రా దగ్గర్లోనే కటికి జలపాతం వుంది కదా అని అటు బయలుదేరతారు. అందమైన జలపాతమే, కాదనను. కానీ దానికి జీపు కట్టించుకోవాలి, కొంత దూరం నడవాలి. సగం రోజు దానికే సరి. దానికోసం వేరే ట్రిప్పు వేసుకోండి. తిరుగుదారిలో ఆగే చోటు రోడ్డుకి దగ్గరగా వుండాలి, గంటలో తేలిపోవాలి, దాని తర్వాత వచ్చే చోటుని మింగెయ్యకూడదు. నా లెక్క ఇంతే.

అనంతగిరి, టైడా దాటి ఘాట్ దిగి ఎస్.కోట చేరాక మెయిన్ రోడ్డు వదిలి తాటిపూడి వైపు తిరగండి. గుహలో చీకట్లో చప్పుడు చేసిన గోస్తనీ ఇక్కడ కొండల మధ్య ఇంత పెద్ద జలాశయమై కళ్లముందు నిలుస్తుంది. 1960లలో కట్టిన ఆనకట్ట ఇది. చుట్టుపక్కల పొలాలకీ, విశాఖ నగరానికీ నీళ్లిస్తోంది. పెద్ద హంగామా ఏమీ వుండదు. గట్టు, నీళ్లు, ఎదురుగా మనం దిగి వచ్చిన కొండలు, అంతే. అందుకే ఇంటర్వెల్ ఇక్కడ బాగుంటుంది.

మేము నలుగురం ఆ గట్టు మీద గంటసేపు కూర్చున్నాం. అప్పటికి అందరి చదువులూ అయిపోయాయి. నెల తిరిగేసరికి ఒకడు పూనా, ఒకడు బెంగుళూరు, ఒకడు వాళ్ల నాన్న కొట్లోకి. ఆ మూడురోజులూ ఎవరూ ఆ ఊసెత్తలేదు. అరకులో డాన్సులు, బొర్రాలో అరుపులు, ఎక్కడ చూసినా అల్లరే. తాటిపూడి గట్టు మీద మాత్రం మాటలు వాటంతటవే వచ్చాయి. భయాలు, అప్పులు, ఇంట్లో చెప్పలేనివి. పూనా వెళ్లేవాడు తనకి ఆ వుద్యోగం ఇష్టం లేదని మొదటిసారి ఆ గట్టు మీదే చెప్పాడు. సరాసరి మెయిన్ రోడ్డున పోయి వుంటే ఆ మాట వాడి కడుపులోనే వుండిపోయేది. దారిలో ఆగడం అంటే ఫోటోలు తీసుకోవడం ఒక్కటే కాదని నాకు అప్పుడు అర్థమైంది.

పద్మనాభం కొండ

అక్కడి నుంచి జామి ప్రాంతం మీదుగా, దారి అడుగుతూ, పద్మనాభం వైపు సాగాలి. సన్న రోడ్లు, కొబ్బరి తోటలు, వరి చేలు, అడ్డొచ్చే మేకల మందలు. ఇక్కడ వేగం పనికిరాదు.

పద్మనాభంలో కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, కొండ కింద కుంతీమాధవస్వామి గుడి వున్నాయి. పైకి వెయ్యికి పైగా మెట్లు. ఓపిక వున్నవాళ్లు ఎక్కొచ్చు, లేనివాళ్లు కిందినుంచే దణ్ణం పెట్టుకోవచ్చు. ఈ వూరికి ఇంకో చరిత్ర కూడా వుంది. విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి ప్రాణాలు వదిలింది ఇక్కడే. 1794 జూలై 10న జరిగిన పద్మనాభ యుద్ధం అది. చారిత్రక చిత్రాలు తీసే నిర్మాతలు దీన్ని ఎందుకు పట్టించుకోలేదో!

సాయంత్రం భీమిలి

తగరపువలసలో జాతీయ రహదారి గోస్తనిని దాటుతుంది. అది దాటి భీమిలి చేరేసరికి నాలుగున్నర కావాలి, ఆలస్యం కాకూడదు. కారణం చెబుతాను. మన సముద్రం తూర్పున వుంది. సాయంత్రం సూర్యుడు నీళ్లలో మునగడు, మన వెనక కొండల్లోకి దిగుతాడు. ఆ ఎండ వెనకనుంచి వచ్చి అలల మీద, ఎదుటి మనిషి ముఖం మీద పడుతుంది. కెమెరామన్లు ఆ గంట కోసం రోజంతా కాచుకుని కూర్చుంటారు.

భీమిలి అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది 1978 నాటి 'మరోచరిత్ర'. కె.బాలచందర్ దర్శకత్వంలో కమల్‌హాసన్, సరిత నటించిన ఆ చిత్రం విశాఖ, భీమిలి తీరాల్ని దేశమంతటికీ చూపించింది. మద్రాసులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. తర్వాత 1981లో 'ఏక్ దూజే కే లియే'గా హిందీకి వెళ్లింది. 'మరోచరిత్ర' నలుపు తెలుపుల చిత్రం! భీమిలి సముద్రం రంగేమిటో చూడకుండానే జనం దాన్ని ప్రేమించారు. మీరు ఆ రంగు కూడా చూడబోతున్నారు.

వూళ్లో డచ్చివాళ్ల కాలం నాటి సమాధులు, లైట్‌హౌస్, పాత వీధులు చూసుకుంటూ నది ముఖద్వారం దగ్గరికి నడవండి. పొద్దున గుహలో విన్న నీరు ఇక్కడ ఏ హడావుడీ లేకుండా కడలిలో కలిసిపోతుంటుంది. చూడండి, అంతే. దిగి ఈదులాడకండి. నది కలిసే చోట ప్రవాహం పైకి నెమ్మదిగా కనిపించినా కింద లాగేస్తుంది. సెలవుల్లో ఏ ఇంట్లోనూ ఏడుపు వినపడకూడదు.

చివరి మజిలీ ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి నుంచి విశాఖ వచ్చే బీచి రోడ్డు పక్కనే. వేల ఏళ్లపాటు గాలీ నీరూ కలిసి పేర్చి, కోసి తీర్చిన ఎర్రటి దిబ్బలు, వాటి మధ్య లోతైన గండ్లు. దక్షిణాసియాలో ఇలాంటివి అతి తక్కువ చోట్ల వున్నాయి. ఎన్నో పాటల్లో, ఫైట్లలో మీరు వీటిని చూసే వుంటారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకీ ఎక్కాయి. అయితే ఇది రాయి కాదు, గట్టిపడిన ఇసుక. అంచుల మీద గెంతితే విరిగిపోతుంది. ప్రకృతి కట్టిన సెట్టు ఇది. షూటింగ్ అయ్యాక మళ్లీ వేయించడానికి ఏ ఆర్ట్ డైరెక్టరు వల్లా కాదు.

తొట్లకొండ బౌద్ధ శిథిలాలు, రుషికొండ కూడా ఇదే రోడ్డులో తగులుతాయి. వాటిని వదిలెయ్యమనే నా సలహా. అవి నగరానికి పక్కనే వున్నాయి, ఏ ఆదివారమైనా రావచ్చు. చీకటి పడేలోగా ఇల్లు చేరడమే ఇక మిగిలిన పని. రోజంతా బండి నడిపిన మనిషికి కళ్లు మూతపడేది సరిగ్గా ఆ వేళకే. పక్కన కూచున్నవాళ్లు నిద్రపోకుండా ఆయనతో కబుర్లు చెప్పండి, పాటలు పాడండి. గొంతు బాగాలేకపోతే మరీ మంచిది, ఆయనకి నిద్ర అసలే రాదు!

మీ దారి అరకుది కాకపోవచ్చు. శ్రీశైలం నుంచో, హార్సిలీ హిల్స్ నుంచో, మారేడుమిల్లి నుంచో వస్తూండొచ్చు. అక్కడా ఒక నదినో, ఒక కొండల వరుసనో పట్టుకోండి. నాలుగైదు చోట్లకి మించి పెట్టుకోకండి. ఒక చోటు మాత్రం ఏమీ చూడనక్కర్లేకుండా, వూరికే కూర్చోవడానికి వుంచుకోండి. ఏమో, మీ వెనక సీట్లో నిద్ర నటిస్తున్న స్నేహితుడికి చెప్పుకోవాల్సిన మాట ఏదో వుండొచ్చు.

శుభప్రయాణం!