అడుగుల మిషను

2025 జూలై 13, ఆదివారం

అడుగుల మిషను ఇక పనిచేయదు. క్లిప్పు పోయిన నెలలోనే బీటలిచ్చింది. దారం చుట్టి నెట్టుకొచ్చాను. ఇవాళ కొత్త బ్యాటరీ వేసినా తెర మీద అంకె రాలేదు. సెంటర్లో సెల్ షాపు కుర్రాడు మూత తీసి చూపించాడు. బ్యాటరీకి ఆనుకునే రేకు చెమటకు చిలుము పట్టి తెగిపోయింది. "రేకు దొరికితే రెండు నిమిషాల పని టీచర్‌గారూ. ఈ మోడల్‌కి ఎక్కడా దొరకదు" అన్నాడు.

అబ్బాయి అమెరికా నుంచి మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చిన వస్తువు ఇది. లంగా బొందుకు తగిలిస్తే పైన కుచ్చిళ్లు కప్పేసేవి. ఉన్న సంగతే గుర్తుండేది కాదు. రాత్రి పడుకోబోయే ముందు తీసి, అంకె చూసి, ఈ నోటుబుక్కు అంచున రాసుకోవడం అలవాటైంది. షుగర్ బయటపడిన ఏడాది నుంచి ప్రతి పుటలోనూ ఆ అంకెలున్నాయి. మూడు నెలల సగటు షుగర్ రిపోర్టు వచ్చినప్పుడల్లా వాటిని పక్కన పెట్టుకుని చూస్తాను. నడక తగ్గిన నెలలూ షుగర్ పెరిగిన నెలలూ చాలావరకు ఒకటే. మామిడి కోతలప్పుడు తోటలో తిరిగిన రోజులకు పెద్ద అంకెలు, ముసురు పట్టిన వారాలకు చిన్న అంకెలు. నా ఒంటి సంగతి నాకు చెప్పే వస్తువు ఒక రేకు ముక్క కోసం మూలన పడిందంటే మింగుడు పడటం లేదు.

2025 జూలై 17, గురువారం

అబ్బాయి చేత కంపెనీకి మెయిల్ పెట్టించాను. జవాబు వచ్చింది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశారట. విడిభాగాలు ఉంచరట. కొత్త ఫోన్లలో దాని యాప్ కూడా రాదట. బదులుగా, చేతికి కట్టుకునే వాచీ మీద తగ్గింపు ఇస్తామన్నారు. నేను అడిగింది క్లిప్పు, రేకు. ఆ రెండింటి గురించి జవాబులో ఒక్క ముక్క లేదు.

"వాచీ తీసుకోమ్మా. గుండె చూస్తుంది, నిద్ర కూడా చూస్తుంది" అన్నాడు వాడు.

"నాకు అడుగుల లెక్క చాలు నాన్నా. చేతికి ఏదీ కట్టుకోలేను" అన్నాను.

రెండు చేతులకీ గాజులు. అంట్లు, బట్టలు, కల్లాపి, ఎండుమిరప తొడిమలు తీయడం, ఆవకాయ రోజుల్లో కారం, నూనె. రబ్బరు పట్టీ కింద చెమట చేరితే చర్మం ఎర్రగా పొక్కుతుంది. గంపలగూడెంలో ఏ ఇల్లాలి చేతులైనా ఇంతే. చేతి వాచీ అందరికీ సరిపోతుందని నిర్ణయించినవాళ్లు ఈ చేతులు రోజంతా ఏం చేస్తాయో చూసి ఉండరు.

2025 జూలై 20, ఆదివారం

పక్కింటి వదిన కొడుకు తన చేతి బ్యాండు ఇచ్చి, "ఓ పూట పెట్టుకు చూడండి అత్తా" అన్నాడు. పెరట్లో నోటితో లెక్క పెట్టుకుంటూ వంద అడుగులు వేశాను. చేతులు ఊపుతూ నడిస్తే లెక్క దాదాపు సరిపోయింది. బిందె చంకనెత్తుకుని ఆ చేత్తోనే పట్టుకుని నడిస్తే బాగా తగ్గింది. కూర్చుని చపాతీలు వత్తుతుంటే, కాలు కదపకపోయినా అంకె పెరిగింది.

తర్వాత అత్తయ్యగారికి పెట్టాను. తుంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడ చక్రాల వాకర్ పట్టుకుని వరండాలో నడుస్తారు. ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చినా బ్యాండులో అంకె కదలనే లేదు. "నేను నడిచినట్టు కాదా ఏమే?" అన్నారు, మొహం చిన్నబుచ్చుకుని. ఆ మాట నన్ను బాగా బాధపెట్టింది. ఆవిడకు ఆ వరండా దాటడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కారణం అబ్బాయిని అడిగి తెలుసుకున్నాను. ఈ మిషన్లన్నిటిలో యాక్సెలరోమీటర్ అనే చిప్ ఉంటుంది. కదలికలో వచ్చే కుదుపును అది పసిగడుతుంది. అడుగు పడినప్పుడల్లా నడుము కాస్త లేచి దిగుతుంది కాబట్టి బొందుకు తగిలించిన చిప్‌కు ఆ కుదుపు నేరుగా అందుతుంది. మణికట్టు మీద ఉన్నది చేతి ఊపును బట్టి అడుగును అంచనా వేసుకోవాలి. చెయ్యి వాకర్ పిడి మీద బిగిసి ఉంటే ఊపే ఉండదు. తోపుడు బండి నెట్టేవాళ్లకూ ఇదే ఇబ్బంది. మరి అందరూ మణికట్టుకే ఎందుకు మారారంటే, గుండె కొట్టుకోవడాన్ని చూసే పచ్చ లైటు చర్మాన్ని ఆనుకుని ఉండాలి. బట్ట మీద తగిలించేదానితో ఆ పని జరగదు. గుండె లెక్క చూపిస్తే ధర ఎక్కువ పలుకుతుంది. అలా నడుము మిషన్లు బజారు నుంచి చాలావరకు తప్పుకున్నాయి.

2025 జూలై 25, శుక్రవారం

శ్రావణం మొదటి శుక్రవారం. పూజ అయ్యాక పేపరు చూశాను. లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో నడక మీద పెద్ద పరిశీలన వచ్చింది. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ల ఆధ్వర్యంలో 57 అధ్యయనాలను కలిపి చూశారు. రోజుకు 2,000 అడుగులు నడిచేవాళ్లతో పోలిస్తే 7,000 నడిచేవాళ్లలో మరణాల ముప్పు 47 శాతం తక్కువగా ఉందట. మా రకం షుగర్, అంటే టైప్ 2, వచ్చే ముప్పు 14 శాతం తక్కువట.

అందరూ చెప్పే 10,000 ఎక్కడిదని వెతికితే జపాన్ కనిపించింది. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జనంలో నడక మోజు పెరిగిన రోజుల్లో, 1965లో ఒక గడియారాల కంపెనీ నడుముకు తగిలించే అడుగుల మిషను అమ్మింది. ఆ మిషనుకు పెట్టిన పేరుతోనే పదివేల లెక్క ప్రపంచమంతా పాకింది. అంటే ఈ లెక్క పుట్టిందే నడుము దగ్గర.

2019లో వచ్చిన ఇంకో పరిశీలన అత్తయ్యగారికి చదివి వినిపించాను. సగటున 72 ఏళ్ల వయసున్న ఆడవాళ్లను చూశారు. రోజుకు 2,700 అడుగుల దగ్గరున్నవాళ్ల కన్నా 4,400 నడిచేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక పెద్ద తేడా లేదు. పెద్దవాళ్లకు కొద్దిపాటి అడుగులే ఎంతో విలువైనవి. ఆ కొద్దిపాటి అడుగులనే చేతి బ్యాండు వదిలేస్తోంది.

2025 ఆగస్టు 3, ఆదివారం

ఫోన్ కూడా అడుగులు లెక్కపెడుతుంది. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు నడుముకు దోపుకునే గుడ్డ సంచి ఒకటి కుట్టించుకుని అందులో పెట్టుకు నడిచాను. రోడ్డు మీద లెక్క బాగానే వచ్చింది. ఇంట్లో మాత్రం ఫోన్ బల్ల మీద ఉంటుంది, ఛార్జింగ్‌లో ఉంటుంది, మనవరాలి చేతిలో ఉంటుంది. పగటి అడుగుల్లో సగం ఇంట్లోవే కదా. చొక్కా జేబు ఉన్న మగవాళ్లకు ఇది తేలిక. చీర కట్టుకున్న మనిషికి రోజంతా అంత బరువు నడుముకు మోయడం కుదరదు.

2025 ఆగస్టు 10, ఆదివారం

ఈ బాధ నా ఒక్కదానిదే కాదని అబ్బాయి కొన్ని సంగతులు చెప్పాడు. నైకీ తన ఫ్యూయెల్‌బ్యాండ్ యాప్‌ను 2018 ఏప్రిల్ 30న ఆపేసింది. మైక్రోసాఫ్ట్ తన బ్యాండు అమ్మకం 2016లోనే మానుకుని, 2019 మే 31న దాని సర్వర్ మూసేసింది. అయితే అప్పటికీ వాడుతున్న అర్హులకు కొంత డబ్బు వెనక్కిచ్చింది. పెబుల్ అనే వాచీ కంపెనీ 2016 చివర మూతపడి దాని సాఫ్ట్‌వేర్ ఫిట్‌బిట్ చేతికి పోయింది. 2018లో సర్వర్లు ఆగిపోతే, వాడుకరులే రెబుల్ పేరుతో జట్టుకట్టి సొంత సర్వర్ నడుపుకున్నారు. ఈ ఏడాది జనవరిలో, ఫిట్‌బిట్‌ను కొనుక్కున్న గూగుల్ ఆ వాచీల సాఫ్ట్‌వేర్‌ను చాలావరకు అందరికీ తెరిచి ఇచ్చింది.

డబ్బు వెనక్కివ్వడం, సాఫ్ట్‌వేర్ తెరిచి ఇవ్వడం రెండూ జరిగిన పనులే. కాబట్టి "ఆపేశాం, ఏం చేయలేం" అనే జవాబును నేను ఒప్పుకోను. తయారీ ఆపే హక్కు కంపెనీకి ఉంది. కానీ డబ్బు పెట్టి కొన్న వస్తువు పనిచేస్తుండాలంటే ఏం కావాలో చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంది.

2025 ఆగస్టు 16, శనివారం

కృష్ణాష్టమి. నెమలి గ్రామంలో వేణుగోపాలస్వామి దర్శనానికి వెళ్లాను. రద్దీ వల్ల ఆటో దూరంగానే ఆపేశాడు. మిగతా దారి తులసి మాల చేతబట్టి, నూరు అడుగులకు ఒక పూస చొప్పున జరుపుతూ నడిచాను.

బడిలో సోషల్ చెప్పే రోజుల్లో నైన్ సింగ్ రావత్ కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. సర్వే శాఖ పంపితే యాత్రికుడి వేషంలో 1865-66లో టిబెట్‌లోని లాసా దాకా నడిచాడు. ఆయన మాలలో 108 కాదు, 100 పూసలే. నూరు అడుగులకు ఒక పూస. మాల ఒక చుట్టు తిరిగితే 10,000 అడుగులు. ప్రార్థన చక్రంలో కాగితాలు దాచుకుని లెక్కలు రాసుకునేవాడు. అప్పటిదాకా బయటివాళ్ల పటాల్లో సరిగా లేని దేశాన్ని ఆయన కాళ్లు కొలిచాయి. బ్యాటరీ, యాప్ లేకుండా అంత నమ్మకమైన లెక్క తేగలిగాడు. మిషను లేని రోజుల్లో నాకు పూసలు చాలు. కానీ వాకర్‌ను రెండు చేతులా పట్టుకునే అత్తయ్యగారు మాల తిప్పలేరు. మిషను కావాల్సింది అలాంటివాళ్లకే.

2025 ఆగస్టు 18, సోమవారం

నిన్నమొన్నటి దాకా వాన. వినగడప దగ్గర కట్టలేరు పొంగితే దారి మూసుకుపోతుందని ఎదురుచూసి, ఇవాళ తిరువూరు మీదుగా విజయవాడ వెళ్లాను. పదిహేనో తారీకు నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టాడు. ఒక్క అడుగుల మిషను కోసం ఊరు కాని ఊరు వెళ్లే ధైర్యం ఆ టికెట్ వల్లే వచ్చింది.

బీసెంట్ రోడ్డులో ఏ దుకాణంలో అడిగినా అద్దాల పెట్టెలోంచి వాచీలే తీశారు. "ఇప్పుడవి ఎవరూ అడగరు మేడమ్" అన్నారు. అబ్బాయి మరో దారి కూడా చెప్పాడు. నాది ఫిట్‌బిట్ కాదు గానీ, దాని ఇన్‌స్పైర్ వరస బ్యాండ్లకు పట్టీ తీసి పెట్టుకునే క్లిప్పు తొడుగు విడిగా ఉంటుందట. నడుముకు పెట్టుకోవచ్చు. కానీ ఛార్జింగ్ పెట్టాలి, ఫోన్ యాప్ ఉండాలి. ఆ యాప్ రేపు ఆగిపోతే మళ్లీ ఇదే కథ.

చివరికి ఆటల సామాన్ల దుకాణంలో దొరికింది. అంకె దాని తెర మీదే కనిపిస్తుంది. ఫోన్ అక్కర్లేదు. గుండ్రటి 2032 బ్యాటరీ, మా ఊళ్లో కిరాణా కొట్టులోనూ దొరికేది. వెనక గట్టి క్లిప్పు, పడిపోకుండా తాడు. కొనేముందు దుకాణంలోనే వంద అడుగులు నడిచి చూశాను. కుర్రాడు అభ్యంతరం చెప్పలేదు.

2025 ఆగస్టు 24, ఆదివారం

వారం వాడాక రాస్తున్నాను. బిందెతో నడిచినా, ఉత్త చేతులతో నడిచినా లెక్క దగ్గర దగ్గరగా వస్తోంది. చపాతీలు వత్తితే కదలడం లేదు. అత్తయ్యగారి లంగా బొందుకు తగిలిస్తే వాకర్‌తో నడిచిన అడుగుల్లో చాలావరకు పట్టింది. మరీ మెల్లగా, కాలు ఈడ్చి నడిచినప్పుడు కొన్ని వదిలేస్తోంది. ఆ లోపం నడుము మిషన్లకు మామూలేనట. అయినా రాత్రి తెర మీద తన అంకె చూసి ఆవిడ, "రేపు ఇంకో నాలుగు చుట్లు తిరుగుతా" అన్నారు. ఇద్దరం ఒకదాంతో సరిపెట్టుకోలేం. ఆవిడకు ఇంకోటి తెప్పించాలి.

2025 ఆగస్టు 31, ఆదివారం

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు ఉత్తరం రాశాను. 2022 డిసెంబరు 24న వాళ్లు మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచారు. ఈ ఏడాది మే నెలలో, వస్తువు ఎంత తేలిగ్గా బాగుచేసుకోవచ్చో మార్కులిచ్చే సూచీ మీద ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. అందులో మొదటి చూపు ఫోన్లు, ట్యాబ్‌ల మీదే. ఐరోపాలో ఈ జూన్ 20 నుంచి ఫోన్లకు అమ్మకం ఆగాక కూడా ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ఒంటికి తగిలించుకునే చిన్న పరికరాలను కూడా మన సూచీలో చేర్చమని అడిగాను. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ సర్వే 2023లోనే చెప్పింది. వాళ్లకు డాక్టర్లు నడవమనే చెబుతున్నారు. ఆ నడకను కొలిచే వస్తువు చిన్నదని పక్కన పెట్టకూడదు.

ఉత్తరంలో నా కోరికలు ఇవి. విడిభాగాలు ఎన్నేళ్లు ఇస్తారో, యాప్ ఎన్నేళ్లు నడుపుతారో పెట్టె మీద అచ్చు వేయాలి. మోడల్ ఆపితే, యాప్ లేకుండా వాడుకునే మార్గం చూపించాలి. మన పాత లెక్కలు మనకు కాగితం మీదకు దించి ఇవ్వాలి.

పొద్దున నాతో నడిచే ఆడవాళ్లకు రేపు చెప్పబోయేది కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలో మూడు సంగతులు అడగండి. ఫోన్ లేకుండా అంకె కనిపిస్తుందా? బ్యాటరీ మన ఊళ్లో దొరుకుతుందా? నడుముకు నిలుస్తుందా? మూడింటికీ అవునంటేనే కొనండి. బిల్లు దాచుకోండి. అన్యాయం జరిగితే 1915కు ఫోన్ చేయండి. అంకెను మాత్రం రోజూ రాత్రి నోటుబుక్కులో రాసుకోండి. ఏ కంపెనీ ఏది ఆపేసినా ఆ లెక్క మీ దగ్గరే ఉంటుంది.